పెళ్ళిళ్ళకు పనికిరాని చర్చి

నేను ఒక చర్చిని. ఈ సంగతి ముందే చెప్పుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే నన్ను మొదటిసారి చూసినవాళ్ళు జైలనుకుంటారు. మొన్నటికి మొన్న కారులో వచ్చిన ఒక కుటుంబం నా ఎదురుగా ఆగి, ధాన్యం గోదామా, పాత పోలీసు ఠాణానా అని కాసేపు వాదించుకుని, తేలక వెళ్ళిపోయింది. వాళ్ళననడానికేముంది? ఎర్రటి ఇటుక గోడలు, మూలమూలకీ లావాటి బురుజులు, వాటి నిండా తుపాకీ గొట్టం పట్టేటన్ని కన్నాలు. గుమ్మం చూస్తే మనిషి తల వంచితేగానీ పట్టదు. ఇలాంటి అవతారాన్ని దేవుడి ఇల్లంటే ఎవరు నమ్ముతారు?

ఫ్రాన్సు దేశానికి ఉత్తరపు కొసన, ఆవులూ ఆపిల్ తోటలూ వానా తప్ప చెప్పుకోదగ్గదేమీ లేని చోట, బ్రూవాల్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి చర్చిని నేను. అక్కణ్ణించి పొలాల గట్టున నడుచుకుంటూ పోతే, పొయ్యి మీద ఎసరు కాగేలోపు లా రోజియేర్ అనే ఇంకో ఊరొస్తుంది. అక్కడా ఒక చర్చి ఉండేది. నా కథ నేను చెప్పుకోవాలన్నా మధ్యలో ఆవిడ కథ చెప్పక తప్పదు. అదీ నా ఖర్మ.

నేను పుట్టుకతోనే ఇలా లేను. మొదట్లో అందరిలాగే చిన్న రాతి గుడిని. కానీ మా వైపు ఫ్రాన్సు రాజుకీ స్పెయిను రాజుకీ ఏళ్ళ తరబడి యుద్ధాలు జరిగాయి. జీతాలందని సైనికులు ఊళ్ళ మీద పడేవారు. ఏ రాజు సైనికులనేది ఊరివాళ్ళకు అనవసరం. ఎవరొచ్చినా కోళ్ళూ ఆవులూ పోయేవి, ఇళ్ళు తగలబడేవి, ఆడపిల్లలను దాచుకోవాల్సి వచ్చేది. పారిపోయి తలదాచుకుందామంటే దగ్గర్లో కోట లేదు. అప్పుడు బ్రూవాల్ జనం ఆలోచించి, ఉన్న ఒక్క చర్చినే కోట చేసుకుందామనుకున్నారు.

నా వెనకున్న పొలంలోనే మట్టి తవ్వి, అక్కడే ఆవం పెట్టి ఇటుకలు కాల్చారు. ఆడవాళ్ళు వాటిని వేడి ఆరకముందే గౌను చెంగుల్లో మోసుకొచ్చారు. ఎక్కువ కాలి నల్లబడ్డ ఇటుకలను కూడా పారెయ్యకుండా గోడ మీద ముగ్గులా అమర్చారు. దేవుడి పీఠానికి పైన పెద్ద గది ఒకటి కట్టి, అందులో చలి కాచుకునే పొయ్యి, రొట్టెలు కాల్చే పొయ్యి పెట్టారు. ఏ ఇంటివాళ్ళు ఏ మూల కూర్చోవాలో ముందే పంచుకున్నారు. ప్రమాదం వచ్చినప్పుడు పైన మనుషులు, కింద ఆవులు, ఆ రెంటి మధ్య ఎక్కడో దేవుడు. ఆయన ఏమీ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే నాకు చాలా గర్వంగా ఉండేది.

అప్పటికి లా రోజియేర్ ఆవిడకు ఈ బాధలేవీ లేవు. ఆ ఊళ్ళో సన్యాసుల మఠం ఉండేది, దానికి పెద్ద ప్రాకారం ఉండేది, జనం అందులో దూరేవారు. కాబట్టి ఆవిడ హాయిగా తెల్లరాతి గోడలేసుకుని, నింగిలోకి సన్నటి శిఖరం ఎత్తుకుని, కిటికీలకు రంగురంగుల అద్దాలు పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నే సూర్యుడు ఆ అద్దాల మీద పడితే మా ఊరిదాకా మెరిసేది. నా కన్నాల్లోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. అయినా అప్పట్లో నాకు ఆవిడంటే చెప్పుకోదగ్గ పగేమీ లేదు. అది పెరీన్ పెళ్ళితో మొదలైంది.

పెరీన్ మా ఊరి బఠాణీల వర్తకుడి కూతురు. పెళ్ళికొడుకు తూసాన్, పక్క సందులోని వాడే. ఫాదర్ ప్రమాణం చదువుతుండగా, బురుజు మీదున్న కాపలావాడు పొలాల్లో గుర్రాలను చూసి కేక పెట్టాడు. చూస్తుండగానే తలుపు మూసి అడ్డగడియ వేశారు. ఊరు ఊరంతా పైగదికి ఎక్కేసింది. బయట సైనికులు తిట్టారు, కాల్చారు, పొగ పెట్టారు. నా ఒంటి మీద ఆనాటి గుండ్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళివిందుకని తెచ్చిన రొట్టెలూ జున్నూ ఊరంతా పంచుకుని తింది. పెళ్ళికూతురి తెల్లగౌను చింపి గాయాలకు కట్లు కట్టారు. విసుగెత్తి సైనికులు వెళ్ళిపోయాక తలుపు తీస్తే, ఊళ్ళో ఒక్క ఇల్లూ మిగల్లేదు. మనుషులు మాత్రం ఒక్కరు కూడా తగ్గలేదు.

ఇక్కడ ఎవరైనా నాకు దణ్ణం పెడతారనుకున్నాను. బూడిద మధ్యలో నిలబడి తూసాన్ తల్లి ఏమందో తెలుసా? "ఇదంతా ఆ పెళ్ళి తెచ్చిన చేటు. ప్రమాణం మధ్యలో తలుపు మూసుకుంది. ఇందులో పెళ్ళి పెట్టుకోవడమే తప్పు" అంది. పక్కనున్నవాళ్ళు తలూపారు. మనుషులకు ఇదొక గొప్ప విద్య. గొడుగు పట్టుకుని తడవకుండా ఇంటికొచ్చి, గొడుగు తెరిచినందుకే వాన పడిందంటారు.

ఆనాటి నుంచి బ్రూవాల్ పిల్లలెవరూ బ్రూవాల్ చర్చిలో పెళ్ళి చేసుకోలేదు. అందరూ గట్టు వెంట నడిచి లా రోజియేర్ వెళ్ళేవారు. పుట్టిన బిడ్డ నెత్తిన నీళ్ళు చల్లేది నేను. పోయినవాళ్ళను సాగనంపేది నేను. అంటురోగాలొస్తే, వరదలొస్తే, సైన్యాలొస్తే తలుపు తట్టేది నాదే. బతుకులో ఉన్న ఒక్క మంచిరోజు మాత్రం ఆవిడది.

పోనీ, వెళ్తే వెళ్ళారు, వేరే దారిన వెళ్ళచ్చుగా? లా రోజియేర్ దారి నా గుమ్మం ముందు నుంచే. ముందు ఫిడేలువాడు, వెనక పెళ్ళికూతురు, ఆ వెనక రిబ్బన్లు కట్టుకున్న పిల్లలు, పెట్టెల వాసనలొచ్చే చొక్కాలేసుకున్న మగాళ్ళు. నా దగ్గరికి రాగానే ఫిడేలువాడు వాయించడం ఆపేసేవాడు. పెళ్ళికూతురు ముఖం అటు తిప్పుకునేది. దిష్టి తగులుతుందేమో అన్నట్టు అందరూ అడుగు వేగం పెంచేవారు. మలుపు తిరిగాక మళ్ళీ పాట మొదలయ్యేది. వాళ్ళకు దిష్టి పెట్టాలని నాకు ముందు లేదు. అలా చేసీ చేసీ వాళ్ళే నేర్పారు.

నాకు కడుపు మండిపోయేది. ఆవిడలో ఏముందని? ఒక్క రాత్రి గట్టిగా గాలి వీస్తే అద్దాలు పగిలేవి, వానొస్తే శిఖరం కారేది. ఆపదలో పదిమందిని కాపాడింది లేదు. అయినా పెళ్ళికూతుళ్ళు తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ గురించే మాట్లాడుకునేవారు. "ఆ నీలం అద్దంలోంచి వెలుతురు నా చేతి మీద పడింది" అని ఒకతె. "గంట మోగితే ఒళ్ళు ఝల్లుమంది" అని ఇంకొకతె. నాకూ గంట ఉంది కదమ్మా. అది మోగితే మీకు పరుగెత్తడమే గుర్తొస్తే నా తప్పా?

ఒకసారి దేశంలో రాజుని దింపేసి, చర్చిలన్నిటికీ తాళాలు వేశారు. మా ఇద్దరి గంటలూ దింపి ఫిరంగులు పోయడానికి తీసుకుపోయారు. ఆవిడలో ఎండుగడ్డి నింపారు, నాలో తోళ్ళు ఆరబెట్టారు. పెళ్ళిళ్ళన్నీ మేయరు ఇంట్లో బల్ల ముందు జరిగేవి. తోళ్ళ కంపు భరించలేకపోయాను గానీ, ఆ కొన్నేళ్ళూ మనసు ప్రశాంతంగా ఉంది. తర్వాత తాళాలు తీసి, కొత్త గంటలు కట్టారు. గడ్డి దులుపుకుని ఆవిడ మళ్ళీ ముస్తాబైంది. ఫిడేలువాళ్ళు మళ్ళీ నా ముందు నోరు మూసుకున్నారు.

ఇలా నడిచి నడిచి కథ మొదటి ప్రపంచయుద్ధం దాకా వచ్చింది. జర్మన్లు మా ఊరినీ ఆ ఊరినీ కూడా ఏళ్ళ తరబడి పట్టుకుని కూర్చున్నారు. చివర్లో వాళ్ళు వెనక్కి తగ్గుతుంటే రెండువైపులా ఫిరంగులు పేలాయి. ఊరంతా పాత అలవాటు ప్రకారం నా పైగదికి చేరింది. ఎవరి మూలలు వారివి. వాళ్ళలో జుల్మా అనే ముసలావిడా, ఆవిడ మనవరాలు బెర్తీయ్ కూడా ఉన్నారు. బెర్తీయ్ తల్లిదండ్రులు పోయారు, అమ్మమ్మే పెంచింది. యుద్ధానికి వెళ్ళిన తాపీమేస్త్రీ ఓవీద్ కోసం ఆ పిల్ల ఎదురుచూస్తోంది.

గుండొకటి నా ఉత్తరపు గోడకు తగిలి, బండి దూరేటంత కన్నం పడింది. నేను ఓర్చుకున్నాను. అప్పుడే కన్నాల్లోంచి చూస్తున్న ఎవరో "అయ్యో, లా రోజియేర్!" అని అరిచారు. ఆవిడ సన్నటి శిఖరం దూరానికి కనిపిస్తుంది కదా, ఫిరంగివాళ్ళకు గురి కుదిరింది. శిఖరం నడిమికి విరిగింది, గోడలు కూలాయి, తెల్లటి దుమ్ము లేచింది. ఒక్క క్షణం నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. ఆ వెంటనే లోపల ఏడుపులు మొదలయ్యాయి. జుల్మా గుండెలు బాదుకుంది. మగాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నా గోడల వెనక క్షేమంగా కూర్చుని, నా పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ, అందరూ ఆవిడ కోసం ఏడ్చారు. నా కన్నం సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

యుద్ధం అయిపోయింది. ఓవీద్ బతికి తిరిగొచ్చాడు. కూలిపోయిన పట్నాలను మళ్ళీ కట్టడానికి మేస్త్రీలు కావాలని కబురొస్తే, వసంతం రాగానే అటు బయల్దేరాల్సి వచ్చింది. బెర్తీయ్‌ని వెంట తీసుకెళ్తానన్నాడు. పెళ్ళి కాకుండా పిల్లను గడప దాటనివ్వనంది జుల్మా. అదీ న్యాయమే. మరి పెళ్ళెక్కడ?

ఆ గొడవ నా లోపలే, పీఠం ముందు నిలబడి పడ్డారు. రెండూళ్ళకూ కలిపి ఉన్న ఒక్క ఫాదర్, దెబ్రీ అనే ఓపికమంతుడు, నచ్చచెప్పబోయాడు.

"లా రోజియేర్‌లో ఏం మిగిలిందమ్మా? మోకాలెత్తు గోడలు. పైన ఆకాశం. ఆకాశం కింద పెళ్ళి చేస్తే బిషప్‌గారు నన్ను ఊరుకోరు. ఇక్కడే చేసుకోండి."

"ఇందులోనా?" జుల్మా చుట్టూ చూసి శిలువ గుర్తు వేసుకుంది. "మా అమ్మ పెళ్ళి అక్కడే జరిగింది ఫాదర్. నాదీ అక్కడే, దీని తల్లిదీ అక్కడే. ఈ తలుపు వెనక పెళ్ళి జరిగితే ఏమవుతుందో ఊరందరికీ తెలుసు. పిల్లాణ్ణి యుద్ధం నోట్లోంచి లాక్కుని తెచ్చుకున్నాం. మళ్ళీ పోగొట్టుకోమంటారా?"

"అదంతా పాత మాటమ్మా."

"పాతదైతే మాత్రం? మీరు చదివేది మాత్రం కొత్తదా?"

ఓవీద్ నా కన్నం అంచులు తడిమి చూస్తున్నాడు. యుద్ధం తర్వాత నన్ను ముట్టుకుని చూసిన మొదటివాడు అతనే, అందుకని అతని మీద నాకు కొంచెం అభిమానం కలిగింది. బెర్తీయ్ మాత్రం నేలకేసి చూస్తూ ఆలోచిస్తోంది.

"అమ్మమ్మా, నువ్వు పెళ్ళిలో మోకరిల్లింది కప్పు మీదా, నేల మీదా?"

"ఇదేం ప్రశ్నే? నేల మీదే."

"అయితే ఆ నేల ఇక్కడికి తెచ్చుకుందాం. పీఠం ముందున్న బండలు పగల్లేదని ఓవీద్ చెప్పాడు. వాటిమీద మోకరిల్లితే నేను లా రోజియేర్‌లో పెళ్ళి చేసుకున్నట్టే కదా?"

ఇంత పిచ్చి ఆలోచనను ఎవరైనా తోసిపుచ్చుతారనుకున్నాను. బ్రూవాల్ జనాన్ని ఇన్నేళ్ళు చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. జుల్మా "అది సరే" అంది. ఫాదర్ కూడా, ఎలాగోలా కప్పు కిందే కదా జరుగుతోందని ఒప్పుకున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు.

ఓవీద్ బండి కట్టుకుని ఆవిడ తెల్లబండలు తెచ్చాడు. లా రోజియేర్ జనం దాని వెనక ఊరేగింపుగా నడిచొచ్చారు. ఆవిడ కూలిపోయాక కూడా ఊరేగింపు ఆవిడకే. నా పీఠం ముందున్న ఇటుక పరుపు తవ్వేసి, అక్కడ ఆ బండలు పరిచారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇటుకలు కాల్చే ఆవం యుద్ధంలో పోయింది, నా కన్నం పూడ్చడానికి ఇటుకల్లేవు. చలిగాలి పెళ్ళికి వచ్చినవాళ్ళ మీద కొడుతుందని, ఓవీద్ మిగిలిన తెల్లరాళ్ళు తెచ్చి ఆ కన్నం కట్టేశాడు. నున్నగా చెక్కి, సున్నం పెట్టి, ఎంతో ప్రేమగా కట్టాడు. ఎర్రటి నా ఒంటి మీద ఆవిడ తెల్లగా మెరిసిపోతూ కూర్చుంది. ఇంతకంటే పెద్ద శిక్ష నాకెవరూ వేయలేరనుకున్నాను.

పెళ్ళిరోజు మబ్బు పట్టి, గాలి జోరుగా ఉంది. ముసలి ఫిడేలువాడు పోలిదోర్ వాయించుకుంటూ వచ్చి, నా గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం ఆపేశాడు. తర్వాత ఎటు వెళ్ళాలో తోచక నిలబడిపోయాడు.

"వాయించు తాతా" అంది బెర్తీయ్. "లోపలికే కదా వెళ్తున్నాం."

అలా పెరీన్ నాటి తర్వాత నా లోపల మొదటిసారి పెళ్ళిపాట మోగింది. పైగది పొయ్యి దాకా, బురుజుల మెట్ల దాకా వినిపించింది. నా గొంతు అంత బాగుంటుందని నేనే మరిచిపోయాను.

జుల్మా మాత్రం ఊరుకోలేదు. తలుపు బార్లా తెరిపించి, మూసుకోకుండా ఒక రాయి అడ్డం పెట్టించి, తనే ఆ పక్కన నిలబడింది. బెర్తీయ్, ఓవీద్ తెల్లబండల మీద మోకరిల్లారు. ఫాదర్ ప్రమాణం మొదలుపెట్టాడు. అప్పుడు ఎక్కణ్ణించో వచ్చిన సుడిగాలి రాయిని పక్కకు దొర్లించి తలుపుని ధడాలున మూసేసింది. అడ్డగడియ కూడా జారి పడింది.

జుల్మా కెవ్వుమంది. పైగదికి ఎక్కే మెట్లవైపు కొందరు అప్పటికే ఒక అడుగు వేశారు. ఓవీద్ లేచి తలుపు వైపు పరుగెత్తబోయాడు. ఇంక అయిపోయింది, మళ్ళీ నామీదే పడుతుందనుకున్నాను. బెర్తీయ్ అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"ఉండనీ ఓవీద్. మూసి ఉంటేనే వెచ్చగా ఉంది."

ఫాదర్ ఆమె వంక ఒకసారి చూసి, ఆపిన చోటి నుంచే చదవడం మొదలుపెట్టాడు. తలుపు అలాగే మూసి ఉంది. బయట శత్రువు లేడు, గుర్రాల్లేవు, పొగ లేదు. లోపల ఊరంతా ఉంది, ఎవరూ భయపడటం లేదు. ఇద్దరూ "ఔను" అన్నారు. పెరీన్ పెళ్ళి నాటి నుంచి నేను దేనికోసం కుళ్ళుకుంటున్నానో అది ఆ కాసేపూ నాకు పూర్తిగా దక్కింది.

ఆ కాసేపే. బయటికి రాగానే లా రోజియేర్ నుంచి వచ్చిన ఒక పిన్ని బెర్తీయ్‌ని ముద్దుపెట్టుకుని, "మన చర్చిలో చేసుకోలేకపోయావే తల్లీ" అంటే, బెర్తీయ్ నవ్వి, "మన చర్చిలోనే చేసుకున్నాను పిన్నీ, ఆ బండల మీదేగా" అంది. నేను పళ్ళు కొరుక్కున్నాను, పళ్ళుంటే.

ఆ తర్వాత రెండూళ్ళ పెళ్ళిళ్ళూ నాలోనే జరిగాయి. లా రోజియేర్‌లో మళ్ళీ చర్చి కట్టలేదు. ఆవిడ ఉన్న చోట ఇప్పుడు ఆవులు మేస్తాయి. కానీ నాలో పెళ్ళి చేసుకున్నవాళ్ళెవరూ "బ్రూవాల్ చర్చిలో" అనలేదు. "తెల్లబండల మీద చేసుకున్నాం" అనేవారు. పెళ్ళయ్యాక బయటికొచ్చి, ఆ తెల్లరాతి అతుకును చేత్తో తాకి వెళ్ళడం ఒక ఆచారమైంది. నా ఇటుకలను తాకినవాళ్ళు లేరు. తాకితే చేతికి ఎర్రరంగు అంటుతుందట.

ఇప్పుడు ఊళ్ళో జనమే తక్కువ. ఆరాధన ఎప్పుడో ఒకసారి. తాళం గిస్లేన్ అనే రిటైరైన టీచరు దగ్గర ఉంటుంది. కోట చర్చిలు చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఆవిడే నన్ను చూపిస్తుంది. వచ్చినవాళ్ళు బురుజులు చూసి ఆహా అంటారు, పైగదిలో పొయ్యి చూసి ఓహో అంటారు, ఆఖరికి అందరూ ఉత్తరపు గోడ దగ్గర చేరి, "ఈ తెల్లరాళ్ళేమిటి?" అని అడుగుతారు. గిస్లేన్ గొంతు అప్పుడు మెత్తబడుతుంది. ఆ కథ మాత్రం ఆవిడ తొందరపడకుండా చెబుతుంది.

పోయిన ఏడాది మేయరు పిలిపిస్తే ఒక ఇంజినీరమ్మాయి వచ్చింది. పాత కట్టడాలను ఉన్నవి ఉన్నట్టు బాగుచేయడం ఆ పిల్ల పని. ఉత్తరపు గోడ చూసి, "ఈ అతుకు తర్వాత పెట్టింది. తీసేసి పాత రకం ఇటుకలతో కట్టేద్దాం" అంది. ఇన్నేళ్ళకు ఒక మనిషి నా మనసులో మాట అన్నది! ఆ అమ్మాయి కాగితాలు సిద్ధం చేస్తుంటే నేను ఎన్నడూ లేనంత నిటారుగా నిలబడ్డాను.

తర్వాత మరోసారి వచ్చి, గోడకు ఏవో యంత్రాలు తగిలించి, తట్టి, కొలిచి, తల గోక్కుంది.

"దీన్ని తియ్యడం కుదరదండీ" అంది గిస్లేన్‌తో. "గుండు తగిలినప్పుడు పైన ఇటుకంతా సడలిపోయింది. బురుజు బరువు, గంట బరువు అన్నీ జారి ఈ రాళ్ళ మీదికి వచ్చాయి. ఇవి లాగేస్తే మొత్తం కూలిపోతుంది."

"అంటే వందేళ్ళ నుంచీ లా రోజియేరే మా చర్చిని మోస్తోందన్నమాట" అంది గిస్లేన్. రాళ్ళ మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయింది.

లా రోజియేర్ ఆవిడను నేను మోస్తున్నాననుకున్నాను, ఇన్నాళ్ళూ. నా ఒంట్లో చోటిచ్చి, నా కప్పు కింద ఉంచుకుని, పైగా ఆవిడకే పేరొస్తుంటే సహిస్తున్నాననుకున్నాను. ఆవిడ మాత్రం ఇంతకాలం ఒక్క మాట అనలేదు, చప్పుడు చెయ్యలేదు.

అసూయ పోయిందంటే అబద్ధం. మొన్న వేసవిలో ఒక పెళ్ళికూతురు ఆ తెల్లరాళ్ళకు ఆనుకుని ఫోటో దిగుతుంటే, ఇటుక వైపు నిలబడితే దీని సొమ్మేం పోయిందని ఒళ్ళు మండింది. కానీ ఇప్పుడు వాన మొదలైతే నా మొదటి చూపు ఉత్తరపు గోడకే వెళ్తోంది, కప్పు చూరు అక్కడిదాకా వచ్చిందో లేదో, ఆవిడ తడుస్తోందేమో అని.